నాలుగు కర్రలు ఎవరి లెక్కలో?

పొద్దున ఆరు కాకముందే మాలు కలపడం మొదలైంది. మే నెల. పదకొండు దాటితే గోడ మీద చెయ్యి ఆనించలేరు. అందుకే ఉంగుటూరులో తాపీ పని ఈ నెలంతా చీకటితోనే లేస్తుంది. ఎండ ముదిరాక ఆపి, మళ్లీ మూడున్నరకి అందుకుంటారు. మీరు వచ్చింది ఓ కొత్త డాబా పై అంతస్తులో పడమటి గోడ బయటి పూత చూద్దామని. కింద నుంచి చూస్తే అదేం పెద్ద ఎత్తనిపించదు. పక్క దొడ్లో కొబ్బరిచెట్టు ఇంకా ఎత్తుంది. "ఎక్కండి, ఏం కాదు" అంటాడు పెద్ద మేస్త్రి, లుంగీ ఎగ్గట్టుకుంటూ. ఆయన అప్పటికే సగం దూరం ఎక్కేశాడు.

వెదురు నిచ్చెన. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే పై కొస గోడకి రాసుకుంటూ ఓ అంగుళం పక్కకి జరుగుతుంది. కట్టలేదు. నాలుగడుగుల ఎత్తుకి అడుగు చొప్పున మొదలు దూరంగా పెట్టాలి, పై కొస దిగే చోటుకంటే మూడడుగులు పైకి లేచి ఉండాలి, తాడుతో బిగించాలి. మేస్త్రికి ఇవేం తెలియనివి కావు. నిచ్చెన పొట్టిది, అంతే. ఆఖరి మెట్టు మీద పట్టుకోడానికి ఏమీ దొరక్క మీరు చెక్క మీద మోకాలు ఆనించి, పాకి, లేచి నిలబడతారు. లేవగానే అరిచేయి గోడకేసి అదుముకుంటుంది. అదింకా పచ్చి పూత. మీ అయిదు వేళ్లూ అందులో దిగిపోతాయి. మేస్త్రి ఏమీ అనకుండా తాపీతో ఆ అచ్చు చెరిపేస్తాడు.

ఇప్పుడు మీ కాళ్ల కింద రెండు చెక్కలున్నాయి, ఒక్కోటి తొమ్మిదంగుళాల వెడల్పు. మధ్యలో బొటనవేలు దూరేంత సందు. ఆ సందులోంచి కింద ఇసుక గుట్ట, పక్కన మాలు తొట్టి, తట్ట ఎత్తుకుంటున్న ఆవిడ పాపిడి కనిపిస్తాయి. చెక్కలు ఎన్నో స్లాబులు చూసినవి. పైన సిమెంటు పొర పట్టుకుపోయి, కర్రకి పగులుంటే కనపడే వీల్లేదు. ఎడమవైపు కొస అడ్డకర్ర దాటి రెండడుగులు గాల్లోకి వచ్చేసింది. దాని మీద బరువు పడితే అవతలి కొస లేస్తుంది, చెక్క మనిషితో సహా తిరగబడుతుంది. పనివాళ్లందరూ ఆ రెండడుగులూ వదిలేసి నడుస్తున్నారు, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే. కొత్తగా వచ్చినవాడికి మాత్రం అది చెక్కే.

ముందు గోడ ఉంది. వెనక ఏమీ లేదు.

పూత పని చూడనివాళ్లకి ఇందులో ప్రమాదం ఎక్కడుందో అర్థం కాదు. మేస్త్రి తాపీతో మాలు తీసి గోడకి విసిరి కొడతాడు. విసిరినప్పుడు ఒళ్లు వెనక్కి ఊగుతుంది. తర్వాత అల్యూమినియం బద్ద రెండు చేతులా పట్టుకుని కింది నుంచి పైకి లాగుతాడు. చేతులు రెండూ ఖాళీ లేవు. ఆపైన గోడ తేటగా వచ్చిందో లేదో చూడాలంటే ముక్కు దగ్గర పెట్టుకుంటే కనపడదు, ఓ అడుగు వెనక్కి వేయాలి. ఆ వెనకడుగు పనిలో భాగం. ముప్పై ఏళ్లుగా వేస్తున్న అడుగది, నేల మీదున్నా పరంజా మీదున్నా కాలు దానంతటదే వెనక్కి పోతుంది. అందుకే "జాగ్రత్తగా చేసుకోండయ్యా" అనే మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఏం జాగ్రత్త? పని బాగా చేయాలంటేనే వెనక్కి జరగాలి కదా.

చెక్క నేలకి 17 అడుగుల ఎత్తున ఉంది. ఇక్కణ్ణుంచి జారిన మనిషి దాదాపు సెకనులో కింద ఉంటాడు. నేల తాకేటప్పటికి వేగం గంటకి 36 కిలోమీటర్లు. అవతల తూర్పు గోడ దగ్గర పరంజా పదడుగులే. "అక్కడ్నుంచి పడినా లేచి నడుస్తాడు" అంటారు. అక్కడ్నుంచీ గంటకి 28 కిలోమీటర్ల వేగమే, ముప్పావు సెకను మాత్రమే. ఆ ముప్పావు సెకనులో తల కిందికి వస్తుందా, నడుం వస్తుందా, కాళ్లొస్తాయా అన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. పైగా కింద ఉన్నది నేల ఒక్కటే కాదు. కింది అంతస్తు కిటికీ మీద సజ్జ ఉంది, దాని కింద పునాది నుంచి పొడుచుకొచ్చిన ఇనప చువ్వలున్నాయి. వరండాకి స్తంభం పోస్తామని వదిలినవి. వాటి కొసలకి టోపీ కాదు కదా, పాత ప్లాస్టిక్ సీసా కూడా తగిలించలేదు.

ఉత్తరాన విమానం ఒకటి గన్నవరం వైపు దిగుతోంది. చప్పుడు పెరుగుతుంది. మేస్త్రి, పక్కనే ఉన్న కుర్రాడు, మీరు, ముగ్గురూ ఒక్కసారే తల తిప్పుతారు. రోజూ చూసేదే, అయినా చూస్తారు. కుర్రాడి కుడి మడమ చెక్క అంచు దాటి సగం గాల్లో ఉంది. విమానం పోతుంది, కాలు లోపలికొస్తుంది. వాడు గమనించనేలేదు.

ఈ కుర్రాడు దుబాయ్‌లో పనిచేసి వచ్చాడు. అక్కడ ముప్పై అంతస్తుల మేడ మీద రోజుకి పదిగంటలు బెల్టు తొడుక్కునే ఉన్నాడు. "బెల్టు లేకుండా మెట్టెక్కితే ఆ పూట గేటు బయటే అండి" అంటాడు. మరి ఇక్కడ? ఉందట. వచ్చేటప్పుడు పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్నాడు, ఇంట్లో మేకుకి వేలాడుతోంది. ఎందుకు వేసుకోవు అంటే మిమ్మల్ని ఎగాదిగా చూసి, చుట్టూ చెయ్యి తిప్పి, "దేనికి తగిలించమంటారండి?" అంటాడు.

వాడు అడిగింది సరైన ప్రశ్న. లెక్క వేసి చూడండి. బెల్టు తాడు సుమారు ఆరడుగులు. కొక్కెం కాళ్ల దగ్గరున్న అడ్డకర్రకి తగిలించాడనుకుందాం. వీపు మీద రింగు పాదాలకి అయిదడుగులు పైన ఉంటుంది. పడ్డవాడు ముందు ఆ అయిదడుగులూ దిగాలి, ఆపైన తాడు బిగిసేదాకా మరో ఆరు. అంటే పదకొండు అడుగులు పడ్డాక గానీ తాడు పట్టదు. పట్టాక, కుదుపు ఆపడానికి తాడులో కుట్టిన మడత విప్పుకుంటూ ఇంకో మూడు నాలుగడుగులు సాగుతుంది. మొత్తం మీద పాదాలు చెక్క కంటే దాదాపు పదిహేను అడుగులు కిందికొస్తాయి. పరంజా ఎత్తే 17. మధ్యలో సజ్జ. తూర్పువైపు పదడుగుల పరంజా మీదైతే తాడు బిగిసేలోపే మనిషి నేల మీదుంటాడు. ఇక ఆ కుదుపుకి కర్ర ఆగుతుందా? అమెరికా నిబంధనల్లో కొక్కెం తగిలించే చోటు ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే 2,260 కిలోలకి పైగా మోయగలగాలి. కొబ్బరితాడుతో కట్టిన సరుగుడు కర్ర ఆ బరువుకి ఆగదు. మనిషితోపాటు పరంజా అంతా దిగుతుంది, దాని మీదున్న మిగతావాళ్లతో సహా.

బెల్టు పనికిరానిదని కాదు. తల కంటే పైన, గట్టి చోట తగిలిస్తే పడే దూరం బాగా తగ్గుతుంది. డాబా అంచున పనైతే ఇంకా తేలిక: మెట్ల గది కాలమ్‌కి తాడు చుట్టి, అంచుదాకా చేరనివ్వనంత పొట్టిగా కట్టేస్తే పడటమనే మాటే ఉండదు. కానీ రెండంతస్తుల ఇంటి బయటి గోడకి, ఈ ఎత్తులో, బెల్టు ఆఖరి మాట. మొదటి మాట వెనక కట్టే అడ్డకర్ర. నడుం ఎత్తున, మీటరు దగ్గర ఒకటి. దానికీ చెక్కకీ మధ్య మరొకటి. కాళ్ల దగ్గర ఆరంగుళాల బద్ద, ఇటుక ముక్క జారి కింద తట్ట మోసే ఆవిడ నెత్తిన పడకుండా. చెక్కలు రెండు కాదు, మూడు, సందు లేకుండా. పరంజాలకి, నిచ్చెనలకి మన దేశంలోనే ఐఎస్ 3696 అని ప్రమాణం ఉంది. మేస్త్రి దాని పేరు విని ఉండడు. అయినా కట్టడం ఆయనకి బాగా వచ్చు.

"కాలేజీ బిల్డింగు చేసినప్పుడు నాలుగువైపులా కట్టామండి. కట్టందే బిల్లు రాయనన్నాడు ఇంజనీరు."

"మరిక్కడ కట్టలేదేం?"

"ఇక్కడ పరంజా మాదేనండి" అంటాడు. అని ఊరుకుంటాడు, అంతా చెప్పేసినట్టు.

నిజంగానే అంతా చెప్పేశాడు. ఈ ఇంటికి కూలి చదరపు అడుగుకి ఇంతని మాట్లాడుకున్నారు. ఇసుక ఇంటాయనది, సిమెంటు ఇంటాయనది, ఇటుక, కంకర, చువ్వ ఆయనవే. పరంజా మాత్రం మేస్త్రి కూలిలోనే కలిసిపోయింది. కట్టే ప్రతి కర్ర అద్దె, చుట్టే ప్రతి తాడు ఖర్చు, కట్టడానికి పోయే ప్రతి పూటా ఆయన జేబులోంచి పోతుంది. పోటీకి ఇంకో మేస్త్రి అడుగుకి పది రూపాయలు తగ్గించి చేస్తానన్నప్పుడు మొదట ఎగిరిపోయేది ఏది? సిమెంటు తగ్గించలేడు, అది ఆయనది కాదు. మనుషుల్ని తగ్గించలేడు, పని సాగదు. వెనక కర్రలు తగ్గుతాయి. అవి లేకపోయినా గోడ లేస్తుంది, పూత పడుతుంది, గృహప్రవేశం జరుగుతుంది. ఇంటి ఖర్చు రాసుకున్న పుస్తకంలో మేకుల దగ్గర్నుంచి దిష్టిబొమ్మ దాకా అన్నీ ఉంటాయి, పరంజా అన్న పద్దు ఉండదు. పద్దులో లేనిది పని దగ్గర ఎక్కణ్ణుంచి వస్తుంది?

చట్టం ఏం చేస్తోందంటారా? భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోటుకే వర్తించింది. పది లక్షల లోపు ఖర్చయ్యే సొంతిల్లు కట్టుకునేవాళ్లని అప్పుడే పక్కన పెట్టింది. ఇప్పుడు దాని స్థానంలో వృత్తి భద్రత కోడ్ వచ్చింది, 2020లో పార్లమెంటు చేసింది, 2025 నవంబరులో అమల్లోకి తెచ్చారు. అందులో సొంతింటి మినహాయింపు యాభై లక్షలకి పెరిగింది. ధరలు పెరిగాయి కాబట్టి పెంచారనుకోవచ్చు. మీరు నిలబడ్డ ఈ పరంజా మాత్రం పాత చట్టానికీ కొత్త కోడ్‌కీ బయటే: ఇక్కడ పనిచేసేది పదిమంది లోపు, ఏడుగురే. ఊళ్లలో లేచే ఇళ్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. ఏ ఇన్‌స్పెక్టరూ ఈ నిచ్చెన ఎక్కడు. ఎక్కేది ఇంటాయన, అదీ గోడ వంకర పోయిందేమో చూడటానికి.

దిగి ఇంట్లోకి వెళ్దాం, అసలు గోతులు లోపలున్నాయి. మెట్లకి ఇంకా పట్టుకునే కమ్మీ లేదు. గోడ వైపు ఒరుసుకుంటూ ఎక్కుతారు. పై హాల్లో ఓ మూల నేల మీద ప్లైవుడ్ ముక్క పడి ఉంది, దాని మీద ఖాళీ సిమెంటు సంచి. తొక్కకండి. కింద నాలుగడుగుల కన్నం, ఎప్పుడో లిఫ్టు పెట్టుకుంటామని వదిలినది. చెక్కని నాలుగు మూలలా మేకులు కొట్టి, ఎర్ర రంగుతో గీత గీస్తే అది మూత అవుతుంది. ఊరికే పరిచిన చెక్క కన్నం కంటే చెడ్డది, కన్నమైతే కనపడుతుంది.

డాబా మీదికి వస్తే నీళ్లు కొట్టే ఆవిడ కనిపిస్తుంది. పొద్దున, సాయంత్రం క్యూరింగ్ ఆవిడ పనే. పైపు ముందుకి పట్టుకుని, తడిసిన చోట తొక్కకుండా వెనక్కి వెనక్కి నడుస్తోంది. పిట్టగోడ ఇంకా లేవలేదు. "అక్కా, అంచు!" అని కుర్రాడు కేకేస్తాడు. "నాకు తెల్దేంట్రా" అని నవ్వుతుంది, వెనక్కి తిరగకుండానే. పిట్టగోడని ఆఖర్న కట్టుకుందాంలే అనుకుంటాం. దాన్ని స్లాబు పడిన వెంటనే మొదలుపెడితే పోయేదేమీ లేదు. పైగా వేసవిలో డాబా ఖాళీగా ఎక్కడుంటుంది? మామిడి ఒరుగులు ఎండేసేది ఇక్కడే. ఉక్కకి లోపల పడుకోలేక కాపలా మనిషి చాప వేసుకునేదీ ఇక్కడే. అర్ధరాత్రి నీళ్లకి లేచినవాడికి అంచు ఎటుందో నిద్రకళ్లకి ఏం తెలుస్తుంది?

దొడ్లో పశువుల కొట్టం మీద ఇద్దరు ఎక్కి పగిలిన రేకు మారుస్తున్నారు. సిమెంటు రేకు మీద కాలు ఎక్కడ వేయాలో తెలుసుకోడానికి ఒకటే గుర్తు: బోల్టుల వరస. బోల్టు ఉన్నచోట కింద దూలం ఉంటుంది. రెండు వరసల మధ్య వేస్తే, ఏళ్ల తరబడి ఎండి నానిన రేకు చప్పుడు కూడా ముందుగా చేయదు, ఒక్కసారిగా మనిషిని మింగేస్తుంది. పెద్దవాడు ఆ వరస మీదే నడుస్తున్నాడు. చిన్నవాడు చేతిలో కొత్త రేకు పట్టుకుని ఉన్నాడు, కాళ్లు కనపడవు. రేకుల మీద అడ్డంగా ఓ పొడుగాటి చెక్క పరిస్తే ఇద్దరూ దాని మీదే తిరగొచ్చు. ఆ చెక్క కొట్టం కిందే ఉంది, గేదె కట్టుకొయ్యకి ఆనించి.

రోడ్డు మీద మామిడికాయల ఆటో ఒకటి ఆగింది. హనుమాన్ జంక్షన్ దాటి నూజివీడు వైపు వెళ్తే ఎర్రనేలలు, తోటలు. అక్కడ ఈ నెలలో కోత మనుషులు గడకర్రకి చిక్కం కట్టుకుని తిరుగుతుంటారు. రసం కాయ నేల మీద పడితే లోపల నల్లబడుతుంది, ధర పోతుంది. కాబట్టి కాయ తెగిన క్షణమే వలలో పడాలి. పడబోయేదాని కింద వల పట్టాలన్న ఆలోచన మనకేం కొత్తది కాదు, కాయ దగ్గర నేర్చుకున్నదాన్ని మనిషి దాకా తేలేదు, అంతే. శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన కట్టేటప్పుడు జోసెఫ్ స్ట్రాస్ అనే ఇంజనీరు పని జరిగే పొడుగునా కింద వల కట్టించాడు. లక్ష డాలర్లకి పైగా ఖర్చు, 1930ల్లో. అందులో పడి 19 మంది బతికారు. 1937 ఫిబ్రవరి 17న మాత్రం పనివాళ్లున్న వేదిక విరిగి వల మీద పడింది. వల చిరిగి పదిమంది చనిపోయారు. వల మనిషి బరువుకి కట్టారు, వేదిక బరువుకి కాదు. మన దగ్గరా కదలిక లేకపోలేదు. తాటిచెట్ల మీంచి గీత కార్మికులు పడిపోతుంటే తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో ఎక్కే కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మోకు మీద బతికినవాళ్లకి కొత్త తాడు అలవాటు చేయడం తేలిక కాదు. అయినా చెట్టుకో లెక్క వచ్చింది. పరంజాకి రాలేదు.

పడిపోతే ఏం చేస్తారని కుర్రాణ్ణి అడుగుతారు. "ఏముందండి, ఇద్దరం చంకలో ఒకరు, కాళ్లు ఒకరు పట్టుకుని ఆటోలో పడుకోబెడతాం." ఇదొక్కటి మాత్రం వాణ్ణి ఆపి చెప్పాల్సిందే. వెన్నుపూస విరిగి, నరం ఇంకా తెగకుండా ఉన్న మనిషిని అలా మడిచి ఎత్తితే ఆ నరం ఎత్తేటప్పుడు పోవచ్చు. కదపకూడదు. తల రెండువైపులా చేతులతో పట్టుకుని మెడ కదలకుండా ఉంచాలి, నీళ్లు తాగించకూడదు, 108కి ఫోన్ చేయాలి. వాళ్ల దగ్గర గట్టి పలక, మెడకి పట్టీ ఉంటాయి. వాళ్లు వచ్చేదాకా చెయ్యగలిగిన వైద్యం మనిషిని కదలనివ్వకపోవడమే.

తొమ్మిదవుతుండగా ఇంటాయన వచ్చారు. రిటైరైన మాస్టారు. చేతిలో అరలీటరు మజ్జిగ సీసా, చంకలో పద్దుల పుస్తకం. మీరు అడిగితే తప్ప మేస్త్రి ఆ మాట ఎత్తడు, మీరే ఎత్తుతారు.

"కర్రలా? పరంజా మేస్త్రి గారిది కదండీ" అంటారు మాస్టారు.

"అవునండి, నాదే" అంటాడు మేస్త్రి, గోడ వైపు చూస్తూ.

"పడమటి గోడకి ఎన్ని కావాలేంటి?"

మేస్త్రికి నోటిలెక్క. గోడ ముప్పై అడుగులు, రెండు వరసలు. పొడుగు కర్రలు నాలుగు, కొసలకి రెండు ముక్కలు, తాడు రెండు కట్టలు, ఇంకో రెండు చెక్కలు. "కర్రలదేం కాదండి. కట్టి విప్పడానికి అరపూట పోద్ది, ముగ్గురి కూలి."

మాస్టారు కాసేపు గడ్డం గోక్కుంటారు. పైకి చూస్తారు, కుర్రాడు చెక్క మీద గొంతుక్కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు. వాడు పదో తరగతిలో ఆయన దగ్గరే చదివాడట.

"అద్దె నాది. అరపూట కూలి మాత్రం సగం మీది, సగం నాది."

"తాడు కూడా మీదేనండి మాస్టారూ."

"సరే, తాడు కూడా. కానీ పిట్టగోడ లేచేదాకా విప్పకూడదు. తూర్పువైపూ కట్టాలి."

"తూర్పున పదడుగులేనండీ..."

"కట్టండి."

పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన పరంజా అని రాసి గీత గీశారు. కుర్రాడు బీడీ ఆర్పేసి దిగి, కర్రల కోసం బండి తీశాడు. మేస్త్రికి ఇప్పుడు అసలు చిక్కు వేరే వచ్చిపడింది: తొట్టెడు మాలు కలిపి ఉంది, ఈ ఎండకి గంటలో బిగిసిపోతుంది.

"ఆ మాలు లోపలి గదికి పట్టండ్రా" అని కేకేశాడు కిందికి. "వంటగది గోడ మిగిలిందిగా, అది లాగించెయ్యండి. పడమర సాయంత్రం చూద్దాం."